బిట్‌కాయిన్, ఎన్‌క్రిప్షన్, ప్రభుత్వ గోప్యత: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిప్టో కొనేవాళ్లు, వాట్సాప్, సిగ్నల్ వాడేవాళ్లు, సర్కారు ఏం చూడగలదో ఏం చూడలేదో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ భారత చట్టాల పరిధిలోనివి. పన్ను ఎగ్గొట్టే దారులు ఇక్కడ దొరకవు. అవి ఎందుకు పనిచేయవో మాత్రం దొరుకుతుంది.

బిట్‌కాయిన్ లావాదేవీలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయా?

ఉండవు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎన్‌క్రిప్షన్ అంటే తాళంచెవి ఉన్నవాళ్లే చదవగలిగేలా మార్చి దాచడం. బిట్‌కాయిన్ పద్దు మొత్తం బహిరంగం. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ (లావాదేవీల కట్ట) తయారైన నాటి నుంచి ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకు ఎంత వెళ్లిందో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని చూసుకోవచ్చు. అందులో వాడే గణితం దాచిపెట్టడానికి కాదు, రుజువు చేయడానికి. ఆ సొమ్ము తాళంచెవి మీ దగ్గరే ఉందని డిజిటల్ సంతకం రుజువు చేస్తుంది. పాత బ్లాకులో ఒక్క అంకె మార్చినా ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (డేటా నుంచి లెక్కించే డిజిటల్ వేలిముద్ర) పట్టించేస్తుంది. అసలైన ఎన్‌క్రిప్షన్ మీకు తగిలేది ఫోన్‌లో వాలెట్ (తాళంచెవులు దాచే యాప్) ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టినప్పుడే.

పద్దులో లేనిది పేరు ఒక్కటే. ఒకసారి చిరునామాకు పేరు అంటుకుందంటే అది ముందుకే కాదు, వెనక్కి కూడా పాకుతుంది. పదేళ్ల కిందటి లావాదేవీ కూడా ఆ రోజు నుంచి మీ పేరు మీద చదవొచ్చు.

పేరు ఎలా అంటుకుంటుంది?

అన్నిటికంటే తేలిక దారి ఎక్స్ఛేంజీ, అంటే క్రిప్టో కొని అమ్మే వేదిక. పాన్, ఆధార్, సెల్ఫీ ఇచ్చి ఖాతా తెరిచాక అక్కడి నుంచి మీరు బయటికి పంపిన ప్రతి చిరునామా వాళ్ల రికార్డులో ఉంటుంది.

రెండోది లెక్కల దారి. ఒకే లావాదేవీలో మూడు చిరునామాల సొమ్ము కలిపి పంపితే ఆ మూడూ ఒకరివేనని విశ్లేషకులు లెక్కేస్తారు. ఆ తర్వాత చిల్లర. 0.5 బిట్‌కాయిన్ ఉన్న చిరునామా నుంచి 0.12 పంపారనుకోండి. 0.12 అవతలివారికి వెళ్తుంది, ఫీజు పోను దాదాపు 0.38 మీదే అయిన కొత్త చిరునామాకు తిరిగొస్తుంది. గుండ్రంగా ఉన్న అంకె చెల్లింపు, ఎనిమిది దశాంశాల తోక ఉన్నది చిల్లర అని ఊహిస్తారు. ఊహే, కానీ చాలాసార్లు నిజమవుతుంది. ఇక విరాళాల కోసం ఫేస్‌బుక్‌లో పెట్టిన చిరునామానే సొంత సొమ్ముకీ వాడేవాళ్ల విషయంలో ఈ శ్రమ కూడా అక్కర్లేదు.

బిట్‌ఫినెక్స్ కేసు చూడండి. 2016 ఆగస్టులో ఆ ఎక్స్ఛేంజీ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు దొంగిలించారు. అందులో ఎక్కువ భాగం ఐదేళ్లకు పైగా అందరి కళ్ల ముందే ఉంది. 2022 ఫిబ్రవరిలో అమెరికా న్యాయశాఖ 94,000కు పైగా స్వాధీనం చేసుకుంది. బిట్‌కాయిన్ గణితాన్ని ఎవరూ ఛేదించలేదు. నిందితుడి క్లౌడ్ ఖాతాలో ప్రైవేట్ కీలు (ఆ సొమ్ము తాళంచెవులు) రాసి పెట్టిన ఫైలు దొరికింది, దాన్ని తెరిచారు. ఈ రంగంలో పెద్ద పెద్ద కేసులు తేలే తీరు ఇదే. గణితం నిలబడుతుంది, దాని అంచుల్లో ఉన్న మనిషి దొరికిపోతాడు.

మొనేరో, మిక్సర్లు వాడితే?

గోప్యత కోసమే చేసిన మొనేరో అనే క్రిప్టోలో పంపినవారి నిజమైన సంతకాన్ని 15 ఉత్తుత్తివాటితో కలిపి మొత్తం 16లో ఒకటిగా చూపిస్తారు. పంపిన సొమ్ము ఎంతో కూడా కనపడదు, అందుకున్నవారి చిరునామా ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. సాంకేతికంగా బిట్‌కాయిన్ కంటే చాలా గట్టిది. చిక్కంతా రూపాయల్లోకి మార్చుకునే గుమ్మం దగ్గర. పెద్ద ఎక్స్ఛేంజీ బైనాన్స్ 2024 ఫిబ్రవరిలో మొనేరోను తీసేసింది. టోర్నడో క్యాష్ అనే మిక్సర్ (చాలామంది నాణేల్ని కలిపి జాడ చెరిపేది) మీద అమెరికా 2022 ఆగస్టులో ఆంక్షలు పెట్టి, కోర్టులో ఎదురుదెబ్బ తిన్నాక 2025 మార్చిలో ఎత్తేసింది. అయినా మిక్సర్ నుంచి వచ్చిన నాణేన్ని చూసి మీ ఖాతా ఆపేసే ఎక్స్ఛేంజీని ఏ కోర్టు తీర్పూ అడ్డుకోదు.

సీడ్ పదాలు ఎలా భద్రపరచాలి?

ముందు అవేమిటో. వాలెట్‌ను మళ్లీ తెరిపించే తాళంచెవి ఆ పదాలే. 2,048 ఇంగ్లిష్ పదాల జాబితాలోంచి 12 తీస్తారు. ఒక్కో పదం 11 బిట్లు, మొత్తం 132. అందులో 128 యాదృచ్ఛికం, చివరి 4 సరిచూసుకోవడానికి. అందుకే మీ ఇష్టమొచ్చిన 12 పదాలు పేర్చితే 16లో ఒక్కసారే వాలెట్ ఒప్పుకుంటుంది. 24 పదాల సీడ్‌లో 256 యాదృచ్ఛిక బిట్లుంటాయి. సాధారణ అవసరాలకు 12 చాలు.

ఇక చేయాల్సినవి. పదాల్ని వరసలో, అంకెలు వేసి, కాగితం మీద రాయండి. జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటిగా ఉండవు కాబట్టి స్టీలు పలక మీద చెక్కేటప్పుడు నాలుగు అక్షరాలు చాలు. ఫొటో తీయొద్దు. ఫోన్ గ్యాలరీ చెప్పకుండానే క్లౌడ్‌కు ఎక్కుతుంది. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడమూ అంతే ప్రమాదం.

పెద్ద మొత్తం వేసే ముందు పరీక్ష చేయండి. కొద్దిగా పంపి, వాలెట్ పూర్తిగా చెరిపి, రాసుకున్న పదాలతో మళ్లీ తెరవండి. ఈ అరగంట పనిని చాలామంది దాటేస్తారు. తప్పు రాసుకున్న ఒక్క పదం మూడేళ్ల తర్వాత బయటపడితే చేసేదేమీ ఉండదు.

తెరిచాక నిల్వ సున్నా చూపిస్తే కంగారు పడొద్దు. సాధారణంగా రెండు కారణాలు. ఒకటి, కొత్త వాలెట్ వేరే మార్గంలో చిరునామాలు లెక్కిస్తోంది. 44తో, 49తో, 84తో మొదలయ్యే మార్గాలు వేర్వేరు చిరునామాలనిస్తాయి. అందుకే పదాలతో పాటు వాలెట్ పేరూ రాసి పెట్టుకోవాలి. రెండు, సీడ్ పదాలకు తోడుగా మీరు పెట్టుకున్న అదనపు పాస్‌ఫ్రేజ్‌లో పొరపాటుంది. దీనికి ‘తప్పు’ అనే హెచ్చరిక రాదు. ఏ పాస్‌ఫ్రేజ్ కొట్టినా ఏదో ఒక వాలెట్ తెరుచుకుంటుంది, ఖాళీగా.

12 పదాల్ని ఆరు ఆరుగా చేసి రెండు చోట్ల దాచితే మంచిదేనా?

కాదు. ఒక సగం పోతే మీ సొమ్ము పోయినట్టే. ఒక సగం దొంగకు దొరికితే అతను వెతకాల్సింది 128 బిట్లు కాదు, 62. గట్టి పెట్టుబడి ఉన్నవాడికి అది అసాధ్యమేం కాదు. పంచి దాచాలంటే మూడు తాళాల్లో ఏ రెండైనా చాలు అనే మల్టీసిగ్ పద్ధతి ఉంది. దానికీ ఒక బలహీనత ఉంది. సంతకం పెట్టేవాళ్లు తెర మీద చూసేదీ, నిజంగా సంతకం చేసేదీ ఒకటి కాకపోతే ఎన్ని తాళాలున్నా లాభం లేదు. 2024 జులై 18న భారత ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ మల్టీసిగ్ వాలెట్ నుంచే దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది.

ఆదాయపు పన్ను శాఖకు నా క్రిప్టో గురించి ఏం తెలుసు?

మీరు అనుకునేదానికంటే ఎక్కువ. 2022 జులై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ కోస్తున్నారు. వచ్చే ఆదాయం కంటే ఆ కోత వదిలే జాడే శాఖకు ముఖ్యమని మా అభిప్రాయం. ప్రతి అమ్మకమూ పాన్‌తో సహా మీ వార్షిక సమాచార నివేదిక ఏఐఎస్‌లోకి చేరుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. లక్షకు కొన్నది 1,40,000 రూపాయలకు అమ్మారు. లాభం 40,000. దాని మీద 30 శాతం 12,000, సెస్సు 4 శాతం 480, మొత్తం 12,480. టీడీఎస్‌గా 1,400 ముందే పోయింది కాబట్టి కట్టాల్సింది 11,080. ఇప్పుడు అదే ఏడాది ఇంకో నాణెంలో 40,000 నష్టపోయారనుకోండి. నికరంగా మీకు మిగిలింది సున్నా, అయినా పన్ను 12,480 రూపాయలే. క్రిప్టో నష్టాన్ని దేంతోనూ సర్దుకోనివ్వరు, తర్వాతి ఏడాదికీ మోసుకెళ్లనివ్వరు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయకూడదు. రిటర్న్‌లో దీనికి వీడీఏ (వర్చువల్ డిజిటల్ ఆస్తులు) అనే ప్రత్యేక షెడ్యూలుంది.

2023 మార్చి 7 నుంచి ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. అనుమానాస్పద లావాదేవీల్ని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు నివేదించాలి. ఆ సంగతి మీకు చెప్పకూడదు కూడా. విదేశీ ఎక్స్ఛేంజీలకు మినహాయింపేమీ లేదు. 2023 డిసెంబర్‌లో తొమ్మిదింటికి నోటీసులిచ్చారు, జనవరిలో వాటి సైట్లు ఆపించారు. బైనాన్స్ 2024 జూన్‌లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడ్డాకే ఇక్కడ మళ్లీ కుదురుకుంది.

అమెరికాలో ఉంటాను, అక్కడి ఎక్స్ఛేంజీలో కొన్నాను. నాకు?

2025 జనవరి 1 తర్వాతి అమ్మకాల్ని అక్కడి బ్రోకర్లు 1099-డీఏ ఫారంలో అక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు నివేదిస్తారు. ఇండియాకు తిరిగొచ్చి పూర్తి నివాసి హోదా రాగానే అక్కడి ఖాతా ఇక్కడి రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కింద చూపించాలి. చాలామంది మర్చిపోయేది ఆ మొదటి ఏడాదే.

డిజిటల్ రూపాయి కూడా క్రిప్టోయేనా?

కాదు. అది రిజర్వ్ బ్యాంక్ బాధ్యతగా ఉండే రూపాయే. సామాన్యుల కోసం ప్రయోగం 2022 డిసెంబర్ 1న మొదలైంది, హైదరాబాద్ రెండో విడత నగరాల్లో ఉంది. నోటుకున్నంత అజ్ఞాతం దీనికి లేదు. వాలెట్ మీ బ్యాంకు ఇచ్చేదే.

వాట్సాప్ సందేశాల్ని ప్రభుత్వం చదవగలదా?

దారి మధ్యలో చదవలేదు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో రెండు ఫోన్ల మధ్య (ఎండ్-టు-ఎండ్) ఎన్‌క్రిప్షన్ ఉంది, సర్వర్ దగ్గర తాళంచెవి లేదు. అయితే సందేశం దొరికే చోట్లు వేరే ఉన్నాయి. అవతలివారి ఫోన్. మీ ఫోన్, అన్‌లాక్ అయి ఉంటే. అన్నిటికంటే ముఖ్యం, బ్యాకప్. గూగుల్ డ్రైవ్, ఐక్లౌడ్ బ్యాకప్‌కు ఈ రక్షణ దానంతటదే రాదు. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అక్కడ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ మీరే ఆన్ చేయాలి. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ అడుగుతుంది. అది మర్చిపోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ కూడా తెరవలేదు.

ముఖ్యమైన మనిషితో మాట్లాడుతుంటే ఆ చాట్‌లోని 60 అంకెల భద్రతా కోడ్‌ను ఎదురెదురుగా కూర్చుని స్కాన్ చేసుకోండి. అవతలివారు ఫోన్ మార్చితే ఆ కోడ్ మారుతుంది, కారణం అడిగి తెలుసుకోండి.

ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్న వివరం మాత్రం ఎన్‌క్రిప్షన్ కింద దాగదు. ఈ విషయంలో సిగ్నల్ మెరుగు. 2016లో అమెరికా గ్రాండ్ జ్యూరీ అడిగితే ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ తప్ప ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ లేకపోయింది. టెలిగ్రామ్ గురించి ఉన్న భ్రమ వేరు. అందులో మామూలు చాట్లు, గ్రూపులు ఎండ్-టు-ఎండ్ కావు. సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే.

చట్టప్రకారం ఎవరు అడగొచ్చు?

కంప్యూటర్, ఫోన్ సమాచారాన్ని చూడటానికి, తాళం తీయించడానికి అధికారమిచ్చేది ఐటీ చట్టం సెక్షన్ 69. కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో హోం శాఖ బాధ్యతలు చూసే కార్యదర్శి ఉత్తర్వు ఇస్తారు. 2018 డిసెంబర్ 20న కేంద్రం పది సంస్థలకు ఈ అధికారం అప్పగించింది. ఐబీ, రా, ఈడీ, సీబీఐ, ఎన్ఐఏ, డీఆర్ఐ (రెవెన్యూ నిఘా), సీబీడీటీ (ప్రత్యక్ష పన్నుల బోర్డు), నార్కోటిక్స్ బ్యూరో, ఢిల్లీ పోలీస్ కమిషనర్, కొన్ని ప్రాంతాలకే పరిమితమైన సిగ్నల్ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్. ఒక ఉత్తర్వు 60 రోజులు నడుస్తుంది, పొడిగిస్తూ పోయినా 180 రోజులు దాటకూడదు.

ఈ గొలుసులో జడ్జి ఎక్కడా లేరు. ఉత్తర్వు ఇచ్చేది కార్యదర్శి, కేంద్రంలో సమీక్షించేది కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన మరో ఇద్దరు కార్యదర్శులు. ఆ కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాల్సి వస్తోందని జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. ఒక్కోదానికి ఒక నిమిషం ఇచ్చినా పది రోజులకు పైగా రాత్రింబవళ్లు కూర్చోవాలి. ఇది సమీక్ష అనిపించుకోదు.

రాష్ట్రాల స్థాయిలో ఈ ఏర్పాటు ఎలా వికటించగలదో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు చూపిస్తోంది. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైంది. మావోయిస్టుల మీద నిఘా కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిని రాజకీయ నాయకులు, ఇతరుల ఫోన్లు వినడానికి వాడారన్నది, ఆ తర్వాత హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది ఆరోపణ.

ఉత్తర్వు లేకుండా ఫోన్‌లోకే దూరితే?

పెగాసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్లు చేసేది అదే. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించవు, తెర మీద కనిపించేదాన్నే చదువుతాయి. 2021 అక్టోబర్ 27న జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో విచారణకు ఆదేశించింది. జాతీయ భద్రత అన్న మాట ఎత్తగానే కోర్టు వెనక్కి తగ్గదని ఆ ఉత్తర్వులో స్పష్టం చేసింది. 29 ఫోన్లు పరీక్షిస్తే ఐదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది, అది పెగాససేనని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది. ఫోన్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయడం, రోజూ ఒకసారి రీస్టార్ట్ చేయడం, ఐఫోన్ అయితే దాడి దారుల్ని మూసే లాక్‌డౌన్ మోడ్. మామూలు మనిషి చేతిలో ఉన్నవి ఇవే.

పోలీసులు అడిగితే పాస్‌వర్డ్ చెప్పాలా?

సెక్షన్ 69 ఉత్తర్వు కింద సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. ఇంకోవైపు, నిందితుడు తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 20(3) అంటుంది. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో సుప్రీంకోర్టు ఇంకా తేల్చలేదు, కింది కోర్టులు తలో రకంగా చెప్పాయి. వేలిముద్ర ఇవ్వడం ‘సాక్ష్యం చెప్పడం’ కిందికి రాదని 1961 నాటి కాఠీ కాలూ ఓఘడ్ తీర్పు. కాబట్టి వేలిముద్ర తాళం కంటే ఆరంకెల కంటే పొడవైన పిన్‌కే చట్టపరంగా వాదన బలం ఎక్కువ. ఆపేసి మళ్లీ వెలిగించిన ఫోన్ మొదటిసారి పిన్ కొట్టేదాకా వేలిముద్రకు లొంగదు.

ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామాలో ఐఎంఈఐ నంబరు రాయించండి, కాపీ తీసేటప్పుడు హాష్ విలువ నమోదు చేయమని అడగండి. భారతీయ సాక్ష్య అధినియమం కింద ఇచ్చే ధ్రువపత్రంలో దానికి గడి ఉంది. రేపు ఫైలు మారిందని వాదించాలంటే అదే గట్టి ఆధారం. అడిగాక చెరిపేయడం మాత్రం చేయొద్దు, అది విడిగా నేరం.

నేరస్తుల కోసం ప్రభుత్వానికి ఒక్క మారుతాళం ఇస్తే తప్పేంటి?

ప్రయత్నించి చూశారు. 1993లో అమెరికా క్లిప్పర్ చిప్ తెచ్చింది. తాళం నకలు సర్కారు దగ్గర ఉంటుంది. ఆ నకలును కాపాడే సరిచూపు 16 బిట్లేనని, దాన్ని తప్పించుకోవచ్చని మరుసటి ఏడాదే మాట్ బ్లేజ్ చూపించారు. పథకం అటకెక్కింది.

మన దగ్గర 2015 సెప్టెంబర్‌లో వచ్చిన జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా సందేశాల మామూలు పాఠాన్ని 90 రోజులు దాచి ఉంచాలంది. గగ్గోలు పుట్టగానే వెనక్కి తీసుకున్నారు. 2021 ఐటీ నిబంధనలు ఇంకో దారి పట్టాయి. 50 లక్షలు దాటి వాడుకరులున్న మెసేజింగ్ సంస్థ, సందేశం మొదట ఎవరు పంపారో చెప్పాలి. చెప్పాలంటే ప్రతి ఒక్కరి ప్రతి సందేశానికీ గుర్తు దాచిపెట్టుకోవాలి, ఎవరిది అడుగుతారో ముందు తెలియదు కదా. వాట్సాప్ 2021 మేలో ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఎన్‌క్రిప్షన్ వదులుకోమంటే దేశం వదిలిపోతామని 2024 ఏప్రిల్‌లో అక్కడే చెప్పింది.

మోసపోయి, డాలర్ విలువను అనుసరించే క్రిప్టో యూఎస్‌డీటీ పంపేశాను. వెనక్కి వస్తుందా?

వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు నుంచి వెళ్లిన రూపాయలు ఇంకా ఎక్కడో ఆగి ఉంటే పట్టే అవకాశం తొలి గంటల్లోనే. క్రిప్టోగా మారిపోతే లావాదేవీ హాష్, అవతలి చిరునామా, సమయం, ఏ నెట్‌వర్కో ఇవ్వాలి. ట్రాన్ నెట్‌వర్క్ చిరునామా టీ అక్షరంతో మొదలై 34 అక్షరాలుంటుంది. యూఎస్‌డీటీని టెథర్ కంపెనీ స్తంభింపజేయగలదు, దర్యాప్తు సంస్థలు అడిగితే చేస్తోంది కూడా. బిట్‌కాయిన్‌కు అలాంటి మీట లేదు. ‘ఫీజు కడితే వెనక్కి తెప్పిస్తాం’ అనేవాళ్లు రెండో మోసగాళ్లు.

ఈ నిఘా గురించి ఆర్టీఐలో అడగొచ్చా?

అడగొచ్చు, ఎవర్ని అడుగుతున్నామన్నదే కీలకం. ఐబీ, రా, ఈడీ, ఎన్ఐఏ, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ సెక్షన్ 24 ప్రకారం చట్టం బయటున్నాయి. 2023 నవంబర్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌ను కూడా అందులో చేర్చారు. ఎక్స్ఛేంజీలు మీ వివరాలు ఐదేళ్లు దాచాలని, ఏ హ్యాకింగ్ జరిగినా ఆరు గంటల్లో తనకు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశించిన సంస్థ అదే. దానికి చెప్పినవి మనకు చెప్పనక్కర్లేదు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

కాబట్టి హోం శాఖను అడగండి. పేర్లు అడిగితే సెక్షన్ 8 చూపించి తిప్పి పంపుతారు. అంకెలు, తేదీలు అడగండి. ఫలానా ఏడాదిలో మొత్తం ఎన్ని ఉత్తర్వులిచ్చారు, ఎన్ని తిరస్కరించారు, సమీక్షా కమిటీ ఏయే తేదీల్లో కూర్చుంది, ఎన్ని రద్దు చేసింది. ‘ఎందుకు’ అన్న ప్రశ్న వేయొద్దు, అది సమాచారం కాదంటారు. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. 2013లో ఇలాంటి దరఖాస్తుకే కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ఫోన్ ఉత్తర్వులు ఇస్తోందని బయటపడింది.

ఆరు నెలలకోసారి రికార్డులు ధ్వంసం చేయాలని నిబంధనలే చెబుతున్నాయి, ఆ జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని దరఖాస్తు ఆ గడువు లోపలి కాలానికి పెట్టండి, ధ్వంసం చేసిన తేదీలూ అడగండి. కాదంటే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండోది. సెక్షన్ 24 అడ్డు పెడితే రాయాల్సిన వాదన ఇది: ఆ సెక్షన్ కాపాడేది నిఘా సంస్థల్ని, అవి ప్రభుత్వానికి ఇచ్చిన సమాచారాన్ని, కార్యదర్శి తానే సంతకం పెట్టిన ఉత్తర్వుల సంఖ్యను కాదు.